కళ్ళు తిరుగుతున్నాయన్న మాట వెనక
(ఆరోగ్య సేవల డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ)

అండమాన్ నికోబార్ పరిపాలనలో ఆరోగ్య సేవల డైరెక్టర్ గారికి,



ముందుగా ఒక చిన్న పని చేసి చూడండి. ఈ కాగితాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకొని, ఒక వాక్యం మీద చూపు నిలిపి, కాగితాన్ని అటూ ఇటూ వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు కాగితాన్ని కదలనివ్వకుండా, అదే వేగంతో తల ఊపుతూ చదవండి. అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ తేడా కంటిది కాదు, చెవిది. తల కదలగానే లోపలి చెవి ఆ సంగతి పసిగట్టి, సెకనులో నూరో వంతు గడిచేలోపే కంటి కండరాలకు అందజేస్తుంది. తల కుడికి ఎంత తిరిగితే కళ్ళు ఎడమకు అంత తిరుగుతాయి. అందుకే నడుస్తున్న మనిషికి లోకం నిలకడగా కనబడుతుంది.

డాక్టర్లకు ఇది తెలియని సంగతి కాదు. కానీ ఈ లేఖ మీకు రాస్తున్నా, మా ఊరు ఫెరార్‌గంజ్‌లోని ఇళ్ళలో కూడా చదువుకోవాలని రాస్తున్నది. కాబట్టి కాస్త మొదటినుంచి చెప్పుకోవాలి.

చెవి అంటే అందరికీ వినికిడే గుర్తొస్తుంది. కణత ఎముక లోతుల్లో, శరీరంలోని అతి గట్టి ఎముకల్లో ఒకటైన చోట, వినికిడికి పనికొచ్చే నత్తగుల్ల లాంటి భాగం పక్కనే మరో యంత్రం ఉంది. బడి పుస్తకాల్లో అర్ధవర్తుల కుల్యలు అని చదువుకున్నవి మూడు గొట్టాలు. ఒకదానికొకటి అడ్డంగా, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు అమరి ఉంటాయి. వాటినిండా ద్రవం. తల తిరిగితే గొట్టం తిరుగుతుంది, ద్రవం ఒక్క క్షణం వెనకబడుతుంది, ఆ ఒత్తిడికి సన్నని వెంట్రుకల్లాంటి కణాలు వంగి మెదడుకు కబురు పంపుతాయి. వాటి పక్కన రెండు చిన్న సంచులు. వాటిలో జిగురు పొర మీద సున్నపు రేణువులు పరిచి ఉంటాయి. అండమాన్ పగడపు దిబ్బలూ గవ్వలూ ఏ పదార్థంతో అయ్యాయో ఆ రేణువులూ అదే కాల్షియం కార్బొనేట్. కింద ఏది, పైన ఏది, బండి ముందుకు దూకిందా, పడవ కిందికి దిగిందా, ఇవన్నీ ఆ రేణువుల బరువు మీద ఆధారపడి తెలుస్తాయి.

ఒప్పులకుప్ప ఆడిన ప్రతి ఆడపిల్లకూ ఈ యంత్రం పరిచయమే. చేతులు పట్టుకొని గిర్రున తిరిగి ఒక్కసారిగా ఆగితే, మనిషి ఆగుతుంది గానీ గొట్టాల్లోని ద్రవం వెంటనే ఆగదు. అది కదులుతున్నంతసేపూ ఇల్లూ చెట్లూ చుట్టూ తిరుగుతాయి. పిల్లలకు అది ఆట. డెబ్బై ఏళ్ళ మనిషికి పొద్దున్నే మంచం మీద పక్కకు ఒత్తిగిల్లినప్పుడు అదే జరిగితే, ఇల్లంతా కంగారు.

ఫెరార్‌గంజ్ మనుషులకు ఈ అవయవంతో మిగతా చోట్ల కన్నా ఎక్కువ పని పడింది. 1923 నుంచి 1931 దాకా ఇక్కడ చీఫ్ కమిషనర్‌గా ఉన్న మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరు మీద వెలసిన ఊరిది. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత శిక్షపడి వచ్చిన మాప్పిళ్ళలు, 1926 ప్రాంతంలో ఉత్తర భారతం నుంచి తెచ్చి ఇక్కడ దింపిన భాంటూ కుటుంబాలు, దేశ విభజన తర్వాత వచ్చిన బెంగాలీ శరణార్థులు, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలకోసమో కూలికోసమో వచ్చిన తెలుగువాళ్ళు, అందరూ ఓడల్లోనే వచ్చారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనం 3,80,581. అందులో తెలుగు తమ భాష అని చెప్పుకున్నవాళ్ళు సుమారు 13 శాతం.

మాప్పిళ్ళలు తమ కొత్త ఊళ్ళకు పెట్టుకున్న పేర్లు చూడండి: తిరూర్, మన్నార్‌ఘాట్, కాలికట్. సముద్రం దాటి వచ్చినవాళ్ళు పాత దారుల్ని తలలో మోసుకొచ్చి కొత్త నేలమీద పరిచారు. దారి గుర్తుండడం అంటే ఏమిటి, అది తలలో ఎక్కడ ఉంటుంది, చెవికి దానితో ఏం సంబంధం అన్నదే ఈ లేఖలోని అసలు సంగతి.

విశాఖ నుంచి ఇక్కడికి ఓడ ప్రయాణం రెండు రోజుల పైమాటే. బంకు మీద పడుకున్నవాళ్ళకు కళ్ళు గది కదలడం లేదంటాయి, చెవులు కదులుతోందంటాయి. ఆ తగవు తీరక కడుపు తిప్పుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను డెక్ మీదికి తీసుకెళ్ళి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూడమంటారు. కంటికీ చెవికీ మాట కలపడమే ఆ సలహాలోని కిటుకు. ఓడ దిగాక కూడా ఒకటి రెండు రోజులు స్నానాల గదిలో నేల ఊగినట్టనిపించడం మామూలే. కొందరికి మాత్రం ఆ ఊపు వారాల తరబడి, నెలల తరబడి వదలదు. దానికి వైద్యంలో పేరుంది, లెక్కగట్టిన లక్షణాలున్నాయి. అది భ్రమ కాదు.

ఈ తూకం చూసే అవయవమే పోతే ఓడ ఏం చేస్తుంది? అమెరికాలో 1950ల చివర, 60ల్లో నౌకాదళమూ నాసా కలిసి అంతరిక్ష ప్రయాణపు ఇబ్బందులు తెలుసుకోవడానికి గాలొడెట్ కళాశాలకు చెందిన పదకొండు మంది బధిరులను ఎంచుకున్నాయి. వాళ్ళలో ఒక్కరికి తప్ప అందరికీ చిన్నతనంలో మెదడు పొరల వాపు వచ్చి, వినికిడితోపాటు లోపలి చెవి తూకమూ పోయింది. కెనడాలోని నోవా స్కోషియా దగ్గర పోటుమీదున్న సముద్రంలో వాళ్ళను పడవెక్కించారు. వాళ్ళు హాయిగా పేకాడుకున్నారు. పరీక్షించడానికి వెళ్ళిన శాస్త్రజ్ఞులే వాంతులతో కూలబడి, ప్రయోగం ఆపి పడవను వెనక్కి తిప్పాల్సి వచ్చింది. అంతకు ఎంతో ముందే, 1882లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ గుండ్రంగా తిప్పినా కళ్ళు తిరగని బధిరులు పెద్ద సంఖ్యలో ఉన్నారని గమనించి రాశాడు. కళ్ళు తిరగడానికి కూడా ఆరోగ్యమైన చెవి కావాలి.

అంటే ఆ అవయవం పోవడం వరమా? 1952లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక డాక్టరు పేరు బయటపెట్టకుండా, జె.సి. అన్న పొడి అక్షరాలతో తన కథ రాసుకున్నాడు. మోకాలి కీలుకు క్షయ సోకి, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. ఆ మందు రెండు చెవుల్లోనూ తూకం కణాలను చంపేసింది. మంచం మీద పడుకుని పుస్తకం పట్టుకుంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తలలో కలిగే అదురుకే అక్షరాలు గెంతాయి. తలవైపున్న ఇనప కడ్డీల మధ్య తల ఇరికించుకుంటే తప్ప చదవలేకపోయాడు. లేచి తిరగగలిగాక కూడా, నడుస్తూ బోర్డు చదవలేక ఆగి చదివేవాడు. చీకట్లో కాలు తీయడం గండంగా ఉండేది. మామూలు మనిషికి గుండె చప్పుడు కూడా చూపును చెదరనివ్వకుండా ఆ అవయవం ఎంత నిశ్శబ్దంగా కాపాడుతుందో ఆయన పోగొట్టుకుని తెలుసుకున్నాడు.

చూపు, నడక వరకు అర్థమవుతుంది. జ్ఞాపకంతో ఏం సంబంధం?

కణతలకు లోపలగా, మెదడు రెండు పక్కలా హిప్పోకాంపస్ ఉంటుంది. ఆకారాన్నిబట్టి సముద్రపు గుర్రం పేరు పెట్టారు. నిన్న ఏం జరిగిందో, తాళాలు ఎక్కడ పెట్టామో, బజారు నుంచి ఇంటికి ఎటు తిరగాలో నమోదయ్యే చోటు ఇదే. అల్జైమర్ జబ్బు మొదట దెబ్బతీసే భాగాల్లో ఇదొకటి. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల హిప్పోకాంపస్‌లో ఒక వింత చూశాడు. ఎలుక గదిలో ఫలానా మూలకు వచ్చినప్పుడే ఫలానా కణం మోగుతుంది. మరో చోటికి వెళ్తే మరో కణం. 2005లో మోజర్ దంపతులు ఆ పక్క భాగంలోనే నేలను గళ్ళుగా కొలిచే కణాలను కనుగొన్నారు. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటితోపాటు తల ఎటు చూస్తోందో చెప్పే దిక్సూచి కణాలూ ఉన్నాయి.

ఈ కణాలన్నీ కలిసి తలలో గీసే పటానికి సమాచారం ఎక్కడినుంచి వస్తోంది? కళ్ళనుంచి అని ఎవరైనా అంటారు. 1997లో రాబర్ట్ స్టాక్‌మన్, జెఫ్రీ టావుబీ ఎలుకల లోపలి చెవి తూకాన్ని దెబ్బతీసి చూస్తే, కళ్ళు బాగానే ఉన్నా దిక్సూచి కణాలు దిక్కు మరిచిపోయాయి. 2002లో వాళ్ళే చెవి సంకేతాన్ని మందుతో కొన్నాళ్ళు మాత్రమే ఆపి చూశారు. హిప్పోకాంపస్‌లోని చోటు కణాలు ఎక్కడపడితే అక్కడ మోగాయి. మందు ప్రభావం తగ్గి చెవి కోలుకున్నాక పటం మళ్ళీ కుదురుకుంది. దారి గుర్తుపెట్టుకునే పనిలో చెవికి అంత వాటా ఉంది. కళ్ళు మూసుకుని గదిలో పది అడుగులు వేసి, తిరిగి మొదటి చోటికి రాగలిగిన ప్రతి మనిషీ దీనికి సాక్ష్యమే.

మనుషుల విషయంలో గట్టి రుజువు మ్యూనిక్ నుంచి వచ్చింది. 2005లో థామస్ బ్రాంట్ బృందం పది మంది రోగులను పరిశీలించింది. ఒక వంశపారంపర్య వ్యాధివల్ల రెండు చెవుల నరాల మీదా గడ్డలు లేచి, శస్త్రచికిత్సలో ఆ నరాలు తీసేయాల్సి వచ్చినవాళ్ళు వాళ్ళు. అది జరిగి ఏళ్ళు గడిచాయి. స్కానింగులో చూస్తే వాళ్ళ హిప్పోకాంపస్ పరిమాణం మిగతావాళ్ళ కన్నా 16.9 శాతం తక్కువ ఉంది. ఆ తర్వాత కంప్యూటర్ తెర మీద ఒక కొలను చూపించి, అందులో దాగిన మెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకోమన్నారు. కుర్చీలో కూర్చునే ఆడాలి, కాలు కదపనక్కరలేదు. అయినా వాళ్ళు తడబడ్డారు. పేర్లు, మాటలు, బొమ్మలు గుర్తుపెట్టుకోవడంలో మాత్రం తేడా లేదు. చోటు గుర్తుండడంలోనే లోటు. ఒక చెవి మిగిలి ఉన్నవాళ్ళలో హిప్పోకాంపస్ అలా కుంచించుకుపోలేదని అదే బృందం తర్వాత చూపింది.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. కళ్ళు తిరిగినవాళ్ళందరికీ మతిమరుపు జబ్బు రాదు. అలా భయపెట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో యూరీ అగ్రవాల్ బృందం ఏళ్ళ తరబడి చేసిన పనిలో, అల్జైమర్ ఉన్నవాళ్ళలో చెవి సంచుల స్పందన తగ్గి ఉండడం ఎక్కువగా కనబడింది. చెవి దెబ్బతినడం వల్ల మెదడు నష్టపోయిందా, రెండూ వయసు తెచ్చిన వేరు వేరు నష్టాలా అన్నది ఇంకా తేలాల్సిన సంగతి. తేలింది ఇంత: చెవి పటానికి సమాచారం ఇస్తుంది, ఆ సమాచారం పూర్తిగా ఆగితే పటం చెదురుతుంది, వయసుతోపాటు ఆ సమాచారం చాలామందిలో తగ్గుతుంది. అగ్రవాల్ బృందమే 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం, అమెరికాలో 40 దాటినవాళ్ళలో 35 శాతం మందికి తూకం పరీక్షలో ఏదో ఒక లోపం ఉంది.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది మతిమరుపు జబ్బుతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అంచనా. ఇంతమందికి మందులతో తిరిగి జ్ఞాపకం తెప్పించలేనప్పుడు, చెవి దగ్గర నయం చేయగలిగినదాన్ని నయం చేయకుండా వదలడం తప్పు.

ఇప్పుడు ఫెరార్‌గంజ్‌కు వద్దాం. ఒక పెద్దావిడను ఊహించుకోండి. వయసులో విశాఖ ఓడ దిగి, ఇక్కడే కాపురం చేసి, మనవలను ఎత్తిన మనిషి. ఈమధ్య ఇంటినుంచి బజారుకు వెళ్ళడం మానేసింది. వెళ్ళినా గోడ పట్టుకుని నడుస్తోంది. పక్కన కోడలు ఏదైనా అడిగితే నడక ఆపి, నిలబడి జవాబు చెబుతోంది. వెనక సందులో ఎటు తిరగాలో ఒకసారి తికమకపడింది. ఇంట్లో వాళ్ళు అనే మాటలు రెండే: పైత్యం, వయసు. కొంతమంది మూడో మాట, అత్తమ్మకు మతి పోతోందని, చాటుగా అనుకుంటారు.

ఆమె నడక ఆపి మాట్లాడడం చిన్న సంగతి కాదు. 1997లో స్వీడన్ పరిశోధకులు లాన్సెట్‌లో సరిగ్గా ఇదే రాశారు. నడుస్తూ మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆగిపోయే వృద్ధులు ఆ తర్వాతి నెలల్లో ఎక్కువగా పడిపోయారు. చెవి తన పని తాను చేసుకుపోతే నడకకు ఆలోచన అక్కర్లేదు. చెవి మొరాయిస్తే ప్రతి అడుగునూ మెదడు కాచుకుని వేయించాలి. అటు పోయిన ధ్యాస ఇటు మాటకూ, కొన్న సరుకుల లెక్కకూ, దారి గుర్తుకూ మిగలదు. పడతానన్న భయంతో ఇంటికే పరిమితమైతే నడక తగ్గుతుంది, మనుషులు తగ్గుతారు, కొత్త దారులు తగ్గుతాయి. జ్ఞాపకానికి కావలసిన మేత ఇదే కదా. మతిమరుపుగా కనబడుతున్నదాంట్లో కొంత భాగమైనా ఈ తూకం లోపం తెచ్చిన అలసట కావచ్చు. ఎవరూ అడగకపోతే ఎలా తెలుస్తుంది?

తెలుగు ఇళ్ళలో కళ్ళు తిరిగితే మొదట బీపీ చూస్తారు. మంచిదే. తర్వాత మందుల షాపులో తల తిరుగుడు బిళ్ళ అడుగుతారు. అక్కడే చిక్కు. ప్రోక్లోర్‌పెరజిన్, సినారిజిన్ లాంటివి మొదటి ఒకటి రెండు రోజుల వాంతులకు ఆసరా. వాటిని వారాలూ నెలలూ మింగితే, దెబ్బతిన్న చెవి లోటును కళ్ళతో, కాళ్ళతో సర్దుకునే అవకాశం మెదడుకు ఇవ్వవు. వృద్ధుల్లో చేతుల వణుకు, ఒళ్ళు బిగుసుకుపోవడం కూడా తెస్తాయి. ఆ వణుకు చూసి పార్కిన్సన్ అనుకుని మరో మందు మొదలుపెట్టే ప్రమాదముంది.

మరో పాత మందుకూ ఈ కథలో పాత్ర ఉంది. జె.సి.ని అలా చేసిన స్ట్రెప్టోమైసిన్ మన క్షయ కార్యక్రమంలో, మళ్ళీ చికిత్స తీసుకునేవాళ్ళ కోసం, ఈమధ్యదాకా ఉంది. అది ఎందరినో బతికించింది, అందులో అనుమానం లేదు. ఆ ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్ళు ఇవాళ వృద్ధాప్యంలోకి వస్తున్నారు. చీకట్లో తూలుతున్న పెద్దమనిషిని ఒకప్పుడు టీబీ వచ్చిందా, సూదులు వేయించుకున్నారా అని అడగడానికి అర నిమిషం చాలు.

తల తిరుగుడులో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే రకం మాత్రం సులభంగా నయమయ్యేది. ఇందాక చెప్పుకున్న సున్నపు రేణువులు కొన్ని వయసువల్లో, తలకు తగిలిన దెబ్బవల్లో తమ సంచినుంచి ఊడి వెనక గొట్టంలోకి జారతాయి. మంచం మీద పక్కకు తిరిగినా, పై అరలో డబ్బా అందుకోవడానికి తల ఎత్తినా అవి ద్రవాన్ని కదిలిస్తాయి. లోకం గిర్రున తిరుగుతుంది. నిమిషం లోపే ఆగుతుంది. అదే కదలికతో మళ్ళీ వస్తుంది. 1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ దీనికి మంచం మీద పరీక్ష చెప్పారు. కూర్చున్న మనిషి తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల బల్ల అంచుకు కాస్త కిందికి వాల్చి కళ్ళు చూడాలి. కొన్ని సెకన్ల తర్వాత కనుగుడ్లు ఒక తీరుగా గిలగిల్లాడితే గొట్టంలో రేణువులున్నట్టే.

దీనికి వైద్యం కనిపెట్టింది పోర్ట్‌లాండ్ ఊరి డాక్టర్ జాన్ ఎప్లీ. రేణువులు గొట్టంలోకి జారాయంటే, తలను వరసగా తిప్పుతూ వాటిని మళ్ళీ బయటికి దొర్లించవచ్చు కదా అని ఆలోచించాడు. పిల్లలు అద్దాల పెట్టెలో గోలీని వంకర దారుల్లోంచి గుంటలోకి దించే ఆట లాంటిదే. 1980లో ఆయన చెబితే తోటి డాక్టర్లు నమ్మలేదు, పత్రికలు వ్యాసం తిప్పి పంపాయి. 1992లో గానీ అచ్చు కాలేదు. ఇవాళ ప్రపంచమంతా చేసే చికిత్స అది. తల తిప్పి పడుకోబెట్టడం, అర నిమిషమో నిమిషమో ఆగడం, తలను రెండో వైపుకు తిప్పడం, ఆగడం, భుజం మీదికి ఒత్తిగిల్లించి ముఖం నేలవైపు చూసేలా తిప్పడం, ఆగడం, లేపి కూర్చోబెట్టడం. మందు లేదు, సూది లేదు. ఒకటి రెండు సార్లు చేస్తేనే చాలామందికి తగ్గుతుంది. కొందరికి కొన్నేళ్ళలో తిరిగి వస్తుంది, మళ్ళీ చేయవచ్చు. మెడ ఎముకలు బాగాలేనివాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి.

వైద్యులు రోగి మాట వినడంతోనే ఈ రంగం ముందుకు కదిలింది. వియన్నాలో రాబర్ట్ బారనీ చెవులు కడుగుతున్నప్పుడు, నీళ్ళు చల్లగా ఉంటే కళ్ళు తిరుగుతాయని రోగులే ఆయనకు చెప్పారు. ఆ మాటను పట్టుకుని చల్లటి, వేడి నీళ్ళతో ఒక్కో చెవినీ విడిగా పరీక్షించే పద్ధతి తయారుచేశాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ప్రకటించేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. అదే శ్రద్ధతో, కళ్ళు తిరుగుతున్నాయని ఫెరార్‌గంజ్ తహసీల్‌లో ఎవరైనా అన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాలని ఈ లేఖ కోరుతోంది. ఎంతసేపు? ఏ కదలికతో? చెవిలో హోరు ఉందా? ఈమధ్య పడ్డారా?

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల జాబితాలో చెవి, ముక్కు, గొంతు సంరక్షణా ఉంది, వృద్ధుల సంరక్షణా ఉంది. కొత్త పథకం కోసం ఢిల్లీకి రాయనక్కరలేదు. ఉన్న రెండు శీర్షికల మధ్య తూకం అనే మాట చేర్చితే చాలు. జాతీయ స్థాయిలో చెవుడు నివారణకు ఒక కార్యక్రమం ఉంది. దాని పేరులో వినికిడే ఉంది గానీ ఆ చెవిలోనే ఉన్న రెండో అవయవం లేదు. ఈ దీవుల్లో ఆ లోటు పూడ్చడం మీ చేతిలో పని. అందుకు కావలసింది అంచు ఎత్తుగా లేని ఒక బల్ల, దిండు, నేర్చుకున్న రెండు చేతులు. శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్)లోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి అనుబంధంగా ఇప్పుడు వైద్య కళాశాల కూడా ఉంది. అక్కడి చెవి వైద్యులు తహసీల్ డాక్టర్లకూ నర్సులకూ ఒక పూట చేయించి చూపిస్తే పడుకోబెట్టి చేసే పరీక్ష, తల తిప్పే చికిత్స రెండూ వస్తాయి.

దీవుల్లో దూరం అంటే కిలోమీటర్లు కాదు. చాథం, బాంబూఫ్లాట్ మధ్య పడవ దాటాలి, బస్సు దొరకాలి, కొండ మలుపులు తిరగాలి. కళ్ళు తిరుగుతున్న మనిషికి ఆ ప్రయాణమే మరో జబ్బు. ఊళ్ళోనే పది నిమిషాల్లో తగ్గేదాని కోసం అంత దూరం పంపకూడదు. అదే సమయంలో, వెంటనే పంపాల్సినవాళ్ళను గుర్తుపట్టాలి. గంటల తరబడి ఆగకుండా తిరుగుతూ ఉండి, మాట తడబడినా, రెండేసి కనబడినా, ముఖమో చెయ్యో తిమ్మిరెక్కినా, పట్టుకున్నా నిలబడలేకపోయినా అది మెదడు పోటు కావచ్చు. 1988లో సిడ్నీలో మైకేల్ హల్‌మాగీ, ఇయాన్ కర్టాయిస్ చెప్పిన తల కుదుపు పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. రోగి డాక్టరు ముక్కు మీద చూపు నిలిపితే, తలను చటుక్కున కొద్దిగా తిప్పి, చూపు జారి మళ్ళీ వచ్చిందా అని చూడడం. దానికి మరో రెండు కంటి పరీక్షలు కలిపి చేస్తే, మొదటి రెండు రోజుల్లో మెదడు పోటును గుర్తుపట్టడంలో స్కానింగుకు తీసిపోదని 2009లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపింది. శిక్షణ పొందిన కళ్ళు ఉంటేనే సుమా. ఊళ్ళో స్కానర్ లేని చోట ఆ కళ్ళను తయారుచేసుకోవడం కన్నా మంచి పెట్టుబడి ఏముంటుంది?

మరో చిన్న ఏర్పాటు. తల తిరుగుడు వచ్చినప్పుడు కనుగుడ్లు ఎలా కదిలాయో డాక్టరు చూడగలిగితే సగం రోగం తెలిసినట్టే. కానీ ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోతుంది. ఇంట్లో మనవడి చేతిలో ఫోనుంది. పెద్దావిడ కళ్ళు తెరిచి ఉంచగా అర నిమిషం వీడియో తీయమని ఆశా కార్యకర్తలు చెబితే, దూరం నుంచి వైద్య సలహా ఇచ్చే ఈ-సంజీవని సేవ ద్వారా చూసే డాక్టరుకు అది ఎంతో విలువైన సాక్ష్యం.

రేణువుల రకం కానప్పుడు, అంటే చెవి నరమే దెబ్బతిన్నప్పుడు, వ్యాయామాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో తలకు గాయాలైన సైనికుల కోసం టెరెన్స్ కాథోర్న్, ఎఫ్.ఎస్. కుక్సీ మొదలుపెట్టినవి. ముందు కళ్ళు కదపడం, తర్వాత తల, ఆపైన బంతి విసిరి పట్టుకోవడం, కళ్ళు మూసి నిలబడడం, మెట్లెక్కడం. మొదట్లో కళ్ళు ఎక్కువ తిరుగుతాయి. అది చెడ్డ గుర్తు కాదని ముందే చెప్పాలి, లేకపోతే మూడో రోజుకు మానేస్తారు. ఇవి తెలుగులో, బెంగాలీలో, తమిళంలో, హిందీలో బొమ్మలతో ఒక్క పేజీలో అచ్చువేయించవచ్చు. సాయంత్రం నలుగురు పెద్దవాళ్ళు కలిసి చేస్తే వ్యాయామమూ అవుతుంది, మాటలూ అవుతాయి.

అలాగే మరుపు అని వచ్చినవాళ్ళను కూడా చెవి గురించి అడగాలి. రెండు సమస్యలూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు, నయమయ్యేదాన్ని ముందు నయం చేస్తే మిగిలినదాని అసలు పరిమాణం తెలుస్తుంది.

ఈ ఊళ్ళ మనుషులకు నేల ఊగడం కొత్త కాదన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. 2004 డిసెంబర్ 26 పొద్దున భూమి కంపించి, దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్, మీఠాఖాడీ వైపు పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచింది. ఏళ్ళుగా కాలికి తెలిసిన గట్లు నీళ్ళలో కలిసిపోయాయి. 2011లో జపాన్‌లో పెద్ద భూకంపం వచ్చాక, ప్రకంపనలు లేనప్పుడు కూడా నేల ఊగుతోందని చెప్పినవాళ్ళను అక్కడి పరిశోధకులు పరీక్షించి చూశారు. నిలకడలో తేడాలు నిజంగానే కనబడ్డాయి, భయం ఎక్కువున్నవాళ్ళలో ఎక్కువగా. చెవి, భయం, జ్ఞాపకం మెదడులో పక్కపక్క ఇళ్ళలాంటివి. సునామీ చూసిన తరం ఇప్పుడు పెద్దవయసులోకి వస్తోంది. ఇంకా ఊగుతున్నట్టుంది బాబూ అని ఎవరైనా అంటే, ఎప్పటి మాటో పట్టుకు కూర్చున్నారని తీసిపారేయకూడదు.

కాబట్టి ఈ లేఖ అడిగేది ఇదీ. ఫెరార్‌గంజ్ తహసీల్‌లో ఒక్క ఆరోగ్య కేంద్రాన్ని ఎంచుకోండి. ఒక్క ఏడాది, తల తిరుగుడని వచ్చిన 60 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ పడుకోబెట్టి చేసే పరీక్ష చేయించండి. ఎందరికి రేణువులు జారాయి, ఎందరికి తల తిప్పగానే తగ్గింది, ఎందరు నెలల తరబడి బిళ్ళలు మింగుతున్నారు, ఎందరు ఈ ఏడాదిలో పడ్డారు, ఎందరికి దారి గుర్తుండడం లేదు, ఒక పుస్తకంలో రాయించండి. ఏడాది చివర ఆ లెక్కను ప్రజలకు చెప్పండి. లాభం కనబడితే వింబర్లీగంజ్‌కూ, తుష్నాబాద్‌కూ, జిర్కాటాంగ్ దాటి రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లకూ తీసుకెళ్ళండి.

మీ జవాబు ఏ భాషలో వచ్చినా ఫరవాలేదు. దాన్ని తెలుగులోకి మార్చి, ఫెరార్‌గంజ్ అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్ళకు చదివి వినిపించేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

ఇట్లు,
ఫెరార్‌గంజ్‌లోని ఒక తెలుగు ఇంటి మనిషి